పోలీసు జట్టు తెచ్చిన కప్పు



ఇవాళ మీతో ఫుట్‌బాల్ ఆట గురించి మాట్లాడబోతున్నానంటే, "మనకెందుకమ్మా ఆ బంతాట గోల? మగపిల్లలు చూసుకుంటార్లే" అని చాలామంది పేజీ తిప్పేద్దామనుకుంటారు. కాస్త ఓపిక పట్టండి. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా చెప్పి ముగిస్తాను. ఇది బంతి కథే అయినా, దీంట్లో నెల జీతం ఉంది, ఒక బడిపంతులున్నాడు, కొడుక్కి ఉద్యోగం దొరికితే చాలునని ఎదురుచూసిన తల్లి ఉంది. మన ఊరి కథ కూడాను. మన ఊరివాళ్ళే మరిచిపోయిన కథ.

1950వ సంవత్సరం సంగతి చెబుతాను. అప్పటి హైదరాబాదును ఒక్కసారి ఊహించుకోండి. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయి, రాజ్యం భారత యూనియన్లో కలిసి రెండేళ్ళు కాలేదు. పెద్దవాళ్ళు "పోలీసు యాక్షన్" అని చెప్పుకునేది ఆ సంగతే. 1950 జనవరి 26న దేశమంతా రిపబ్లిక్ పండుగ చేసుకుంది. ఆ రోజునుంచే మనకు వెల్లోడి గారు ముఖ్యమంత్రి, నిజాం గారు రాజప్రముఖ్. బజారులో మాత్రం ఇంకా హాలీ సిక్కా రూపాయే చెల్లుతోంది. ఎన్నో ఇళ్ళలో గాయాలు ఇంకా మానలేదు. ఎవరి ఉద్యోగం ఉంటుందో, ఎవరిది ఊడుతుందో తెలియని రోజులు. అటువంటి ఏడాదిలో, హైదరాబాదు నగర పోలీసు ఫుట్‌బాల్ జట్టు రైలెక్కి వెళ్ళి, దేశంలో పేరుమోసిన రెండు కప్పులు గెలిచి తెచ్చింది. ఒకటి అప్పట్లో బొంబాయిలో ఆడుతుండిన రోవర్స్ కప్పు. రెండోది ఢిల్లీలో ఆడిన డ్యూరాండ్ కప్పు.

ఆ కప్పుల గొప్పతనమేమిటో రెండు మాటల్లో చెబుతాను. డ్యూరాండ్ కప్పు 1888లో సిమ్లాలో మొదలైంది. పెట్టినవాడు మార్టిమర్ డ్యూరాండ్ అనే దొర. ఆఫ్ఘనిస్తానుకూ మన దేశానికీ మధ్య సరిహద్దు గీత గీయించిన దొర కూడా ఆయనే. తెల్ల సిపాయిలకు పొద్దుపోవడానికి పెట్టిన ఆట అది. దాదాపు యాభై ఏళ్ళపాటు ఆ కప్పు దొరల పటాలాల దగ్గరే తిరిగింది. 1940లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ జట్టు మొట్టమొదటిసారి దాన్ని వాళ్ళ చేతుల్లోంచి తీసుకుంది. ఆ తర్వాత యుద్ధం, స్వాతంత్ర్యం, దేశ విభజన. పదేళ్ళపాటు ఆ పోటీయే లేదు. మళ్ళీ 1950లో ఢిల్లీలో మొదలుపెట్టారు. అంటే స్వతంత్ర భారతంలో జరిగిన మొదటి డ్యూరాండ్ కప్పు పోటీ అదేనన్నమాట. ఇక రోవర్స్ కప్పు 1891 నాటిది. దాన్ని కూడా చాలాకాలం ఇంగ్లీషు పటాలాలే పంచుకున్నాయి.

మరి ఈ కప్పులకోసం వెళ్ళిన మనవాళ్ళెవరు? రాజకుమారులా? జమీందారుల బిడ్డలా? కాదండీ. పోలీసు శాఖలో ఉద్యోగులు. చాలామంది సామాన్య కుటుంబాలనుంచి వచ్చి, ఆట బాగా ఆడతారని పోలీసు కొలువులో చేర్చుకోబడ్డవారు. పొద్దున కవాతు, తర్వాత డ్యూటీ, సాయంత్రం బంతి. ఇవాళ క్రికెట్ ఆటగాడి పేరు వింటే కోట్ల రూపాయలు గుర్తొస్తాయి కదా! ఆనాటి ఆటగాడి ఇంట్లో గుర్తుకొచ్చేది ఒకటో తారీఖు. నెల తిరిగేసరికి జీతం వస్తుంది, పెద్దవాడయ్యాక పింఛను వస్తుంది, అంతే. కాని ఆ "అంతే" ఎంత పెద్దదో ఇల్లు నడిపే మనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. నెలకింత అని వచ్చే ఇంట్లో పిల్లవాడు సాయంత్రం మైదానానికి వెళతానంటే తల్లి వెళ్ళనిస్తుంది. రాని ఇంట్లో ఏ హోటలుకో, ఏ షెడ్డుకో పనికి పంపాల్సి వస్తుంది. హైదరాబాదు ఫుట్‌బాల్ పెరిగింది ఈ చిన్న ధీమా మీదనే.

ఈ జట్టుకు అంతకుముందే ఎన్.ఎ. ఫ్రూవాల్ అనే శిక్షకుడు గట్టి పునాది వేసి ఉంచాడు. యుద్ధకాలంలోనే, 1943లో, బెంగుళూరులో ఆష్ గోల్డ్ కప్పు పోటీలో ఇంగ్లీషు వైమానిక దళం జట్టును ఓడించి పేరు తెచ్చుకున్నారు మన పోలీసులు. ఆ పునాది మీద మేడ కట్టినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ ఆయన్ని "రహీం సాబ్" అనేవారు.

రహీం సాబ్ పోలీసు కాదు, బడిపంతులు. 1909లో హైదరాబాదులోనే పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు, అక్కడి జట్టులో ఆడాడు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు వంటి బడుల్లో పాఠాలు చెప్పాడు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని పిల్లల ఆటల బాధ్యత కూడా చూశాడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. ప్రాణం పోయేదాకా, అంటే ఇరవై ఏళ్ళు, ఆ పని విడిచిపెట్టలేదు. 1950లో పోలీసు జట్టు ఆయన చేతికొచ్చింది. ఆ ప్రాంతంలోనే దేశపు జట్టుకు కూడా ఆయనే శిక్షకుడయ్యాడు.

బడిపంతులు ఫుట్‌బాల్ నేర్పితే ఎలా ఉంటుందో తెలుసా? బడిలో లెక్కలు నేర్పినట్టే ఉంటుంది. వచ్చిన లెక్కనే పదిసార్లు చేయించడు. రాని లెక్క ఏదో కనిపెట్టి దాన్నే చేయిస్తాడు. రహీం సాబ్ అలాగే చేశాడు.

మనలో చాలామంది కుడిచేత్తో కూర తరుగుతాం. ఎడంచేత్తో తరగమంటే? ఉల్లిపాయ ఒకవైపు, వేలు ఒకవైపు! కాళ్ళ సంగతీ అంతే. ప్రతి ఆటగాడికీ ఒక కాలు బలం, ఒక కాలు బలహీనం. ఎదుటివాడు ఆ బలహీనత కనిపెట్టి అటువైపే నెడతాడు. అందుకని రహీం సాబ్ ఒక చిత్రమైన పోటీ పెట్టాడు. దాంట్లో బలహీనమైన కాలుతోనే బంతి తన్నాలి. పిల్లలు మొదట నవ్వుకునే ఉంటారు. కాని ఆ పోటీల్లో పండినవాడికి రెండు కాళ్ళూ కుడికాళ్ళే అయ్యాయి.

ఇంకో పోటీలో బంతిని కాళ్ళ దగ్గర అట్టేపెట్టుకుని వయ్యారాలు పోకూడదు. వచ్చిన బంతిని వెంటనే పక్కవాడికి అందించెయ్యాలి. దీన్ని మన పంక్తి భోజనంతో పోల్చి చూడండి. పెళ్ళిలో నూరు విస్తళ్ళు వేశారు. వడ్డించేవాళ్ళలో ఒకాయన గంగాళం చేతపట్టుకుని, తన నేర్పు అందరూ చూడాలని అక్కడే నిలబడ్డాడనుకోండి, చివరి విస్తట్లో అన్నం చల్లారిపోతుంది. చేతినుంచి చేతికి గబగబా అందితేనే అందరికీ వేడివేడిగా ముడుతుంది. రహీం సాబ్ ఆటగాళ్ళకు నేర్పిన సూత్రం ఇదే. ఒక్కడి గొప్ప కనబడనక్కర్లేదు, బంతి చేరవలసిన చోటికి చేరాలి. చిన్నపిల్లలకైతే ఎత్తును బట్టి జట్లు కట్టించి పోటీలు పెట్టేవాడు. పొట్టివాడు పొడుగువాడిని చూసి హడలిపోయి ఆట మానకూడదని. ఎంత ముందుచూపో చూడండి!

ఈ తర్ఫీదుతో 1950లో బయలుదేరింది జట్టు. బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఢిల్లీలో డ్యూరాండ్ ఫైనల్లో ఎదురుపడ్డది ఎవరనుకున్నారు? కలకత్తా మోహన్ బగాన్. ఆ పేరు వింటే ఆ రోజుల్లో దేశమంతా లేచి నిలబడేది. 1889లో పుట్టిన క్లబ్బు అది. 1911లో బూట్లు తొడుక్కున్న ఇంగ్లీషు పటాలం జట్టును ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచిన జట్టు. మనవాళ్ళు ఒట్టికాళ్ళతో దొరలను గెలిచారని, స్వరాజ్యం రాకముందే స్వరాజ్యం వచ్చినట్టు బెంగాలు పండుగ చేసుకుంది. అటువంటి జట్టు ముందు మన పోలీసులు నిలబడ్డారు. మొదటిరోజు ఆట సమానంగా ముగిసింది. మళ్ళీ ఆడించారు. రెండోసారి ఒకే ఒక్క గోలు పడింది. అది హైదరాబాదు వేసిన గోలు.

స్వతంత్ర భారతంలో మొదటి డ్యూరాండ్ కప్పు హైదరాబాదుకు వచ్చింది! రెండేళ్ళ కిందట యూనియన్ సైన్యం వచ్చి కలుపుకున్న రాజ్యంలోని పోలీసులు, ఆ యూనియన్ రాజధానికే వెళ్ళి, అందరి ఎదుటా కప్పు అందుకున్నారు. వాళ్ళు ఉపన్యాసాలు ఇవ్వలేదు, పత్రాలు రాయలేదు. మేమూ ఈ దేశంవాళ్ళమే, మా దగ్గర కూడా ఒక విద్య ఉంది అని ఆడి చూపించారు. ఆ జట్టులో ముస్లింలున్నారు, క్రైస్తవులున్నారు, హిందువులున్నారు. ఇళ్ళలో ఉర్దూ మాట్లాడేవారు, తెలుగు మాట్లాడేవారు, తమిళం మాట్లాడేవారు ఆ రోజుల్లో మన నగరపు మైదానాల్లో కలిసే ఆడేవారు. ఊళ్ళో మనుషులు ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్న ఆ రోజుల్లో, పక్కవాడికి బంతి అందిస్తే తప్ప గెలవలేని ఆట ఒకటి ఉండటం మన అదృష్టం అనిపిస్తుంది నాకు.

ఒక్క ఏడాదితో ఆగిందా? లేదు. 1950 నుంచి 1954 దాకా, వరుసగా ఐదేళ్ళు, రోవర్స్ కప్పు హైదరాబాదు పోలీసులదే. 1952లో డ్యూరాండ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడిపోయారు. 1954లో మళ్ళీ గెలిచారు. 1956లో ఈస్ట్ బెంగాలే మళ్ళీ ఓడించింది. 1957లో అదే ఈస్ట్ బెంగాల్‌ను మనవాళ్ళు ఓడించి బాకీ తీర్చుకున్నారు. రాష్ట్రాల మధ్య ఆడే సంతోష్ ట్రోఫీని 1956-57లోనూ, ఆ మరుసటేడు మన ఊళ్ళోనే జరిగినప్పుడూ హైదరాబాదే గెలుచుకుంది. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా ఆటలో మాత్రం ఇంకా "హైదరాబాదు" పేరే నడిచింది. తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీసు అనే పేరుతో 1961లో మోహన్ బగాన్‌ను ఓడించి నాలుగోసారి డ్యూరాండ్ తెచ్చారు.

అన్నీ గెలుపులే చెబితే మీరు నమ్మరు. ఓటమి కూడా చెబుతాను. ఈ జట్టులోని అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, మొయినుద్దీన్ వంటివారు దేశపు జట్టులో కూడా ఆడారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో భారత జట్టు ఇరాన్‌ను ఓడించి స్వర్ణపతకం గెలిచింది. మరుసటేడు 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్ళారు. అక్కడ చలి, తడి నేల. మనవాళ్ళలో చాలామంది ఒట్టికాళ్ళతోనే దిగారు. యుగోస్లావియా జట్టు పది గోళ్ళు వేసింది. మనకు దక్కింది ఒకటి. పదికి ఒకటి! ఇంటికొచ్చి ముఖం ఎలా చూపిస్తాం అనిపించే ఓటమి అది.

రహీం సాబ్ ఏం చేశాడు? చలిమీదా, దేవుడిమీదా నెపం పెట్టి కూర్చోలేదు. 1911లో ఒట్టికాళ్ళు మనకు గర్వకారణం కావచ్చు, 1952లో అదే అడ్డంకి అయిందని గ్రహించాడు. బూట్లు తొడుక్కుని ఆడటం అలవాటు చేయించాడు. పరదేశపు జట్లు మైదానంలో ఎవరిని ఎక్కడ నిలబెడుతున్నాయో చూసి నేర్చుకుని, మనవాళ్ళ ఒడ్డూ పొడుగుకు తగినట్టు మార్చుకున్నాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, భారత జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను నాలుగు రెండు గోళ్ళతో ఓడించి సెమీఫైనల్ చేరింది. నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం ఆ మెట్టు మళ్ళీ ఎక్కలేదు.

ఆ మెల్‌బోర్న్ జట్టులో ఉన్న ఒక కుర్రవాడి గురించి చెప్పాలి. ఇ.సి.ఐ.ఎల్. నుంచి కీసర దారిలో నాగారం, దమ్మాయిగూడ వైపు కాపురముంటున్నవారికి అమ్ముగూడ తెలిసే ఉంటుంది. మేడ్చల్ వైపు వెళ్ళే రైలు ఆగే చిన్న స్టేషను. కంటోన్మెంటు అంచున సిపాయిల బారకుల పక్కన ఉన్న ఊరు. తులసీదాస్ బలరాం పుట్టింది అక్కడే. పేద కుటుంబం. ఆటకు కావలసిన బూట్లు కొనే స్తోమతు లేదు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్ల తోలుతో, చెప్పులు కుట్టే అతని చేత బూట్లు కుట్టించుకుని ఆడాడు. కొడుకు చదువుకుని, ఒక ఉద్యోగం సంపాదించుకుంటే చాలునని తల్లి ఆశ. ఆ తల్లిని తప్పుపట్టగలమా? పూట గడవడమే కష్టమైన ఇంట్లో మనమైనా అదే అనుకుంటాం.

రహీం సాబ్ ఆ కుర్రవాడి ఆట చూశాడు. హైదరాబాదు జట్టు తర్ఫీదుకు రమ్మన్నాడు. రోజూ సికింద్రాబాదునుంచి హైదరాబాదుకు రావడానికి బస్సు చార్జీలు లేవన్నాడు బలరాం. దానికి రహీం సాబ్ సైకిలు అద్దెకు తీసుకోమని రోజుకో రూపాయి ఏర్పాటు చేశాడట. బలరాం తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్న సంగతి ఇది. ఆ రూపాయి లేకపోతే? ఆట ఎంత వచ్చినా, బస్సు చార్జీ దగ్గర ఆగిపోయేవాడు. అమ్ముగూడనుంచి మెల్‌బోర్న్ దాకా ఉన్న దారిలో మొదటి మజిలీ ఆ అద్దె సైకిలే. ఇరవై ఏళ్ళ ప్రాయంలో ఒలింపిక్స్ ఆడి వచ్చాడు. 1960లో రోము ఒలింపిక్స్‌కు కూడా వెళ్ళాడు. 1962లో అర్జున బహుమతి పొందాడు.

1962లోనే జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. రహీం సాబ్ ఆరోగ్యం అప్పటికే పాడైపోయింది. మొదటి ఆటలోనే మనవాళ్ళు కొరియాతో ఓడిపోయారు. పైగా ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడం గురించి మనవాళ్ళలో ఒక పెద్దాయన అన్న మాటకు అక్కడి జనం కోపగించి, మన జట్టు కనబడితే చాలు కేకలు వేసేవారు. అయినా నిలదొక్కుకుని ఫైనల్ దాకా వచ్చారు. సెప్టెంబరు 4న, నిండిన స్టేడియంలో, అదే కొరియాను రెండు ఒకటి గోళ్ళతో ఓడించారు. తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన జర్నైల్ సింగ్ ఆ రెండు గోళ్ళలో ఒకటి వేశాడు. హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్ గోలు కాపలా కాశాడు. మన బలరాం ముందు వరసలో ఆడాడు.

అదే రహీం సాబ్ చివరి గెలుపు. తొమ్మిది నెలలు దాటిన కొద్ది రోజులకే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల కాన్సరుతో కన్నుమూశాడు. ఈ మధ్య 2024లో ఆయన జీవితం మీద "మైదాన్" అని హిందీ సినిమా వచ్చింది. చూసినవారికి దేశపు జట్టు కథ తెలిసి ఉంటుంది. ఆ జట్టుకు పుట్టిల్లు లాంటిది మన ఊరి పోలీసు జట్టు అని తెలుసుకుంటే ఆ కథ ఇంకా బాగా అర్థమవుతుంది.

ఆయన పోయాక ఏమైంది? 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత దీపం సన్నగిల్లుతూ వచ్చింది. పిల్లల్లో చేవ చచ్చిపోయిందంటే నేనొప్పుకోను. మరి ఏది పోయింది? ఆలోచించి చూడండి. ఆ గెలుపుకు మూడు కాళ్ళున్నాయి, మన ముక్కాలి పీటలాగా. ఒక కాలు నెలజీతం వచ్చే కొలువు. రెండోది రాని లెక్కను ఓపికగా నేర్పే పంతులు. మూడోది సాయంత్రం పరిగెత్తడానికి జాగా. పంతులు పోయాడు, ఆయన చోటు నింపేవాడు రాలేదు. ఆట చూసి కొలువిచ్చే శాఖలు తగ్గాయి. మంచి ఆటగాళ్ళను కలకత్తా క్లబ్బులు రమ్మన్నాయి, వెళ్ళారు. బలరాం కూడా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళి అక్కడే పేరు తెచ్చుకున్నాడు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న చనిపోయాడు. అమ్ముగూడ బిడ్డను బెంగాలు తన బిడ్డగా చూసుకుంది. మనం ఆయన పేరు కూడా గుర్తుపెట్టుకోలేదు. ఇక మూడో కాలు, జాగా. దాని సంగతి నేను చెప్పాలా? మీ డాబా మీదకెక్కి నాలుగు వైపులా చూడండి.

నాగారం లాంటి ఊళ్ళు ఒకప్పుడు పొలాలు, బీళ్ళు. బీడు కనిపిస్తే పిల్లలు బంతి వేసుకుని దిగేవారు. ఇప్పుడు పొలాలన్నీ ప్లాట్లయ్యాయి, ప్లాట్లన్నీ ఇళ్ళయ్యాయి. మనమూ అటువంటి ఇళ్ళలోనే ఉంటున్నాం, కనుక ఎవరినీ నిందించడం లేదు. కాని కాలనీ వేసేటప్పుడు పార్కుకనీ, పిల్లలకనీ విడిచిపెట్టిన జాగా ఒకటుంటుంది. అది కాగితం మీద ఉండి నేల మీద లేకపోతే అడగవలసింది ఎవరు? మగవారు పొద్దున పోయి రాత్రి వస్తారు. పగలంతా కాలనీలో ఉండి, ఎక్కడ ఏ గోడ లేస్తోందో ముందుగా చూసేది మనమే. కాలనీ సంఘం మీటింగు అంటే కాఫీలు పంపించడంతో మన పని అయిపోయిందనుకోకండి. వెళ్ళి కూర్చోండి, "పిల్లల జాగా ఏదీ?" అని అడగండి.

మరొక్క మాట. కప్పుల మీద ఆటగాళ్ళ పేర్లుంటాయి, శిక్షకుడి పేరు పుస్తకాల్లో ఉంటుంది. ఆ పోలీసుల ఇళ్ళలోని ఆడవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. వానాకాలం సాయంత్రాలు ఆడి వచ్చిన బట్టల బురద ఎవరు ఉతికారు? నెలాఖరు రోజుల్లో ఆటగాడి ఆకలికి సరిపోయేలా రొట్టెలు ఎవరు చేశారు? బొంబాయి, ఢిల్లీ అని వారాల తరబడి మగవాడు ఊళ్ళో లేనప్పుడు పిల్లల్నీ, ముసలివాళ్ళనీ ఎవరు కనిపెట్టుకున్నారు? చరిత్ర రాసేవాళ్ళు అడగరు గాని మనకు జవాబు తెలుసు. ఆ రెండు కప్పుల బరువులో కొంత వాళ్ళదే.

ఇంతకాలం మగపిల్లల మాటే చెప్పాను, ఆడపిల్లల మాటేమిటంటారా? ఉంది. నిజామాబాదు జిల్లాలోని ఒక తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల ఫుట్‌బాల్ జట్టులో ఆడింది, పేరున్న క్లబ్బులకు గోళ్ళు వేసింది. ఆ తండానుంచి ఆ పిల్ల అక్కడిదాకా వెళ్ళిందంటే, ఎక్కడో ఒక పంతులు నేర్పి ఉంటాడు, ఎవరో ఒకరు చార్జీలు పెట్టి ఉంటారు, ఇంట్లో ఒక తల్లి "వెళ్ళిరామ్మా" అని ఉంటుంది. 1950లో పనిచేసిన సూత్రమే ఇప్పుడూ పనిచేస్తోంది.

కనుక సోదరీమణులారా, మీ అబ్బాయో అమ్మాయో సాయంత్రం పుస్తకం మూసి "ఒక్క గంట ఆడుకొస్తానమ్మా" అంటే, "ఆటలు కూడు పెడతాయా?" అనే మాట మన నోటికి అలవాటుగా వచ్చేస్తుంది. అనేముందు ఒక్క క్షణం ఆగండి. మన ఊళ్ళో ఒకప్పుడు ఆట నిజంగానే కూడు పెట్టింది. కొలువిచ్చింది, ఊరికి పేరిచ్చింది, కొట్టుకున్న మనసులను ఒక జట్టుగా కట్టింది. పిల్లలందరూ ఒలింపిక్స్‌కు వెళ్ళరు, వెళ్ళనక్కర్లేదు. రాని కాలుతో తన్నడం నేర్చుకున్న పిల్లవాడు, రాని లెక్కకు భయపడడు. బంతి పక్కవాడికి అందించడం అలవాటైన పిల్ల, రేపు ఏ ఇంట్లో ఉన్నా, ఏ ఆఫీసులో ఉన్నా నలుగురితో కలిసి బతుకుతుంది. రహీం పంతులు నేర్పిన పాఠంలో మన పిల్లలకు అందవలసింది ఇదే.

ఈపాటికి పప్పు ఉడికే ఉంటుంది. పోపు పెట్టుకోండి. వీలైతే ఈ రాత్రి భోజనాల దగ్గర పిల్లలకు ఈ పోలీసుల కథ చెప్పండి. 1950లో డ్యూరాండ్ కప్పు ఎవరిదని అడిగితే, "మన హైదరాబాదుది" అని మీ ఇంట్లో ఒక్క పిల్లయినా చెప్పగలగాలి.

సెలవు. నమస్కారం.